తలుపు వెనక పాప

బొమ్మల గది, రెండో అంతస్తు

వదినా,

ఉద్యోగంలో చేరి నెల దాటినా ఉత్తరం రాయలేదని అన్నయ్య దగ్గర నా మీద చాడీలు చెప్పావట. తిట్టు, పడతాను. కానీ ఇది చదివాక సగం తిట్లు వెనక్కి తీసుకోవాలి. చేరిన కొత్తలోనే నాకు పెద్ద పని అప్పగించారు.

సినిమా మొదలయ్యే ముందు తీసిన కంపెనీ గుర్తు పడుతుంది చూడు, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు, ఎవరూ సరిగ్గా చూడరు. మా పిల్లల సినిమాల కంపెనీకి ఆ కదిలే బొమ్మ నేను గీశాను. నవ్వకు. ఆ కాసేపటి ముచ్చటకి ఎన్ని వందల బొమ్మలు గీయాలో నీకేం తెలుసు!

నీలం రంగు తలుపు ఒకటి కిర్రుమంటూ తెరుచుకుంటుంది. సందులోంచి ఓ పాప తొంగిచూస్తుంది. నవ్వు ముంచుకొస్తుంది. నవ్వు రాగానే ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసుకుంటుంది, సిగ్గుపడ్డట్టు. కుడి చేత్తో మనల్ని రమ్మంటుంది. తలుపు బార్లా తెరుచుకుని వెలుగొస్తుంది. ఆ వెలుగులో కంపెనీ పేరు.

ఆ పాప ఎవరో కాదు. కంపెనీ యజమాని, మేమంతా పెద్దాయన అంటాం, ఒక పాప ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పక్కన ఇంకెవరో ఉన్న భాగం కత్తిరించేసి ఉంది. పెదవి కింద పుట్టుమచ్చ మరిచిపోవద్దన్నాడు. నవ్వితే చెయ్యి ఇలా పెడుతుందని తన మొహం మీద పెట్టి చూపించాడు. "ఎవరండీ?" అన్నాను. "నా కూతురు" అన్నాడు. ఫోటో వంక చూస్తూ, "పోయింది" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయనే తన రుమాలు తీసి ఇచ్చాడు. అంత మెత్తని మనిషిని నేను చూడలేదు వదినా. ఎవరి మీదా గొంతు పెంచడు. నోట్లో వేలు పెడితే కొరకలేడు.

నా పక్క బల్ల మీద రంగులు వేసే ఆవిడ ఉంది, రంగులక్క అంటాం. ఆవిడ నవ్విందంటే కింద వీధిలో వాళ్ళు తలెత్తి చూడాల్సిందే. నీకు పోటీ.

సినిమా మీ హాలుకి వచ్చినప్పుడు చూసి ఎలా ఉందో రాయి. ప్రొజెక్టరు దగ్గర కూర్చునేది సొంత అన్నయ్యే కదా, నా బొమ్మ వచ్చినప్పుడైనా నిద్రపోవద్దని చెప్పు.

నీ మరదలు

*

హాలు వెనక ఇల్లు

బొమ్మలపిల్లకి,

తిట్లు సగం కాదు, మొత్తం వెనక్కి తీసుకున్నాను. మీ అన్నయ్యకి మాత్రం ఇంకో సంచీ నిండా ఉంచాను. చెల్లెలి బొమ్మ వచ్చేసరికి మనిషి పొంగిపోయి, రీలు వెనక్కి తిప్పి ఆ ముక్క రెండోసారి వేశాడు. హాలు ఓనరు పైకి పరుగెత్తుకొచ్చాడు, యంత్రం చెడిందనుకుని. "చెడలేదండీ, మా చెల్లెలు గీసింది" అని ఈయనగారి సంజాయిషీ!

నేను మా మూడో తరగతి మొత్తాన్నీ తీసుకెళ్ళాను. ఇప్పుడు బళ్ళో ఎవరు నవ్వినా కన్ను మూసుకుని నవ్వుతున్నారు. పాఠం చెప్తుంటే తలుపు దగ్గర నిలబడి రమ్మని చేతులూపుతారు. నీ పుణ్యాన నా తరగతి కోతిమూక అయింది.

ఇంతకీ, నువ్వెప్పుడైనా మా బడికొచ్చి దొంగచాటుగా చూసి గీశావా? నా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పోయినేడు మధ్యలో చేరింది, ఇప్పటికీ అందరూ కొత్తపిల్ల అనే పిలుస్తారు. అచ్చం నీ పాపే. పెదవి కింద ఆ మచ్చ. ఎప్పుడో గానీ నవ్వదు, నవ్విందంటే టక్కున చెయ్యి కంటి మీదకి వెళ్తుంది. తల్లి బడి యూనిఫారాలు కుట్టే షాపులో పని చేస్తుంది. ఇద్దరే ఉంటారు.

పాపం, ఆ పిల్లకి హాలంటే భయమనుకుంటాను. నీ బొమ్మ పడగానే కుర్చీ కిందకి దూరింది. ఏదో పడిపోతే వెతుక్కుంటోందనుకున్నాను. సినిమా అయ్యాక లాగి చూస్తే గౌను తడిపేసుకుని ఉంది. నా పైట కప్పి ఇంటి దాకా దిగబెట్టి వచ్చాను. చీకటి అలవాటు లేదేమో.

వదిన

*

బొమ్మల గది

వదినా,

నీ ఉత్తరం చదివి ఉండబట్టలేక పెద్దాయనకి చెప్పేశాను. పోయిన కూతురి పోలికతో ఇంకో పిల్ల ఉందంటే ఆ తండ్రి మనసుకి ఎంత ఊరట అనుకున్నాను. టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. "మీ వదిన ఏ బళ్ళో చెప్తారు? ఏ తరగతి?" అన్నాడు. అదీ చెప్పాను. తర్వాత నవ్వేసి, "మనిషిని పోలిన మనుషులు ఉంటారంటారుగా" అని టీ మొత్తం తాగకుండానే లేచాడు.

మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తరవాతి సినిమాకి పాపని కొంచెం పెద్దది చెయ్యాలిట. "పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చుంటాయి, పొడుగయ్యుంటుంది" అంటాడు. చూశావా, పోయిన పిల్లని బొమ్మలో పెంచుకుంటున్నాడు. అన్నిటికీ సరేనన్నాను.

అందుకని నీకో పని. ఆ కొత్తపిల్లని చూసి కొన్ని సంగతులు రాయి. జుట్టు పొడుగ్గా ఉందా, కత్తిరించారా? నల్లబల్ల దగ్గర నిలబడితే ఎంత ఎత్తు వస్తుంది? బడికి ఒక్కతే నడిచి వస్తుందా, తల్లి దిగబెడుతుందా, ఏ దారిన వస్తారు? ఈ చివరివి నా బొమ్మకి ఎందుకని అడిగాను. నడక గీయాలి కదమ్మా అన్నాడు. అదీ నిజమే.

పాప పెద్దదయ్యాక బొమ్మ కింద ఒక మాట కూడా పడుతుందట: "ఈ పాప మీ ఊళ్ళో ఉందా?" పిల్లలకి సరదాగా పోటీ. తొందరగా రాయి, ఆయన రోజూ అడుగుతున్నాడు.

నీ మరదలు

*

హాలు వెనక ఇల్లు

బొమ్మలపిల్లకి,

నువ్వడిగినవి ఒక్కటీ రాయడం లేదు. ఎందుకో చదువు.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం యూనిఫారాల షాపుకి వెళ్ళాను. "మీ అమ్మాయి సినిమాలో పడిందండోయ్" అన్నాను వేళాకోళంగా. తలుపు, చెయ్యి, మచ్చ, అంతా వర్ణించి చెప్పాను. ఆవిడ మిషను ఆపేసింది. గుడ్డ సూది కిందే ఉంది. "ఆ కంపెనీ ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు కదండీ?" అంది. అవునట, మా ఆడపడుచు అదే మెచ్చుకుంటూ రాసింది అన్నాను. ఆవిడ లేచి షాపు తలుపు వేసి గడియ పెట్టింది.

జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి దగ్గర ఎముక విరిగి, అడ్డదిడ్డంగా అతుక్కుంది. "తలుపు సందులో పెట్టి మూశారు. నెమ్మదిగా. 'నొప్పిగా ఉందా' అని అడుగుతూ మూశారు" అంది.

పాప సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. ఇంట్లో ఎవరు గట్టిగా నవ్వినా ఆయనకి పడదట. పిల్ల నవ్వితే ఎడం వైపు కొట్టేవాడట, ఎప్పుడూ ఎడం వైపే. నువ్వు సిగ్గనుకుని గీసిన ఆ చెయ్యి సిగ్గుకి కాదు పిల్లా. దెబ్బ కాచుకోవడానికి. ఆ కన్ను ఇప్పుడు సగమే కనిపిస్తుందట. నా తరగతిలో ఏడాదిగా ఉంది. నల్లబల్ల మీద రాసినవి తప్పుగా ఎక్కించుకుంటోందని నేనే ఎన్నిసార్లు కోప్పడ్డానో.

ఒక్కటి అడుగుతాను, బాగా ఆలోచించి చెప్పు. ఆయన నీతో "పోయింది" అన్నాడు. చచ్చిపోయింది అన్నాడా?

వదిన

*

అద్దె గది

వదినా,

నీ ఉత్తరం చదివి నీ మీదే కోపం వచ్చింది. ఒకవైపు మాట విని తీర్పు చెప్పేస్తావా అనిపించింది. మొగుణ్ణి వదిలేసి వచ్చినావిడ మొగుడు మంచివాడని చెప్తుందా? పిల్లని ఎత్తుకుపోతే ఏ తండ్రి వెతుక్కోడు? ఇలాగే రాద్దామని కూర్చున్నాను. రాశాను కూడా. కానీ అడగకుండా ఉండలేక పొద్దున వెళ్ళి పెద్దాయన్ని అడిగాను, "పాప ఎలా పోయిందండీ?" అని. "వాళ్ళమ్మతో" అన్నాడు. నా మొహం చూసి నవ్వాడు. "నేను తలుపు తీసే ఉంచానమ్మా. అందుకే బొమ్మలో తలుపు పెట్టమన్నాను" అన్నాడు.

ఇది ఇక్కడ ఆపి దాచేశాను, పోస్టు చెయ్యడానికి చేతులు రాలేదు. ఈలోగా జరిగింది విను.

నిన్న రంగులక్క ఏదో జోకు చెప్పి తనే పడీపడీ నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను. పెద్దాయన ఎప్పుడొచ్చాడో, ఆవిడ బల్ల పక్కన నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి సొరుగులో ఉంది, కుంచె కోసం. ఆయన సొరుగు మీద అరచెయ్యి ఆనించి లోపలికి తోశాడు. తోసి, అలాగే పట్టుకున్నాడు. ఆవిడ కేక పెట్టింది. "అయ్యో, చూసుకోలేదమ్మా" అన్నాడు, మామూలు గొంతుతో. ఆవిడ వేళ్ళ వంక చూడలేదు వదినా. నా వంక చూస్తున్నాడు. నేను నవ్వు ఆపానో లేదోనని.

నా ఎడమ చెయ్యి దానంతటదే మొహం మీదకి వెళ్ళింది.

ఆ పాప కదలిక నేనెంత ముద్దుగా గీశానో! ఏ బొమ్మలో వేళ్ళు ఎంత వంగాలో అద్దంలో నా మొహం చూసుకుంటూ నేర్చుకున్నాను.

ఇవాళ ఆయన ఆఫీసుకి రాలేదు. మేనేజరు, "కారు వేసుకుని మీ వదినవాళ్ళ ఊరే వెళ్ళారు, నీకు చెప్పలేదా?" అన్నాడు. బడికి ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యలేదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి కాళ్ళమీద పడ్డంత పని చేస్తాను. దార్లో ఆయన ఎక్కడో ఆగుతాడట, పనులున్నాయట. బస్సే ముందు చేరాలి. వాళ్ళిద్దర్నీ ఆ ఇంట్లో ఉండనివ్వకు.

ఆయనకి ఊరు చెప్పింది నేనే. బడి చెప్పింది నేనే.

మరదలు

*

హాలు వెనక ఇల్లు

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఆ తల్లీకూతుళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకు తెలియదు. ఇక వాళ్ళ గురించి ఏమీ రాయకు, అడగకు.

మీ యజమాని వచ్చాడు. మా వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. నీ చేతిలో కళ ఉందని మెచ్చుకున్నాడు. హాజరుపట్టీ చూడాలన్నాడు, హెడ్మాస్టరు లేరన్నాను. తొందరేం లేదన్నాడు. లాడ్జిలో గది తీసుకున్నాడు, కొత్త సినిమా ఇక్కడే పిల్లలతో కలిసి చూస్తాడట.

బడి ముందు నిలబడి పిల్లలందరికీ కాగితాలు పంచాడు. ఒక పక్క నీ పాప బొమ్మ ఉంది, రెండో పక్క తలుపు పాప ఎక్కడుందో చెప్పిన వాళ్ళకి ఏడాది పొడుగునా సినిమాలు ఉచితమని రాసి ఉంది. నా పిల్లలే, నేను అక్షరాలు దిద్దించిన పిల్లలే, గుంపులు గుంపులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నారు. తలుపులు బాది, "పాపా, పాపా, బయటికి రా" అంటూ పాడుతున్నారు. వాళ్ళకది ఆట. నిన్న మా ఇంటి తలుపూ కొట్టారు. తీశాను. లోపల గదులన్నీ చూసి, "ఇక్కడ లేదు టీచర్" అని నాకే చెప్పి వెళ్ళారు. వీధి చివర కారులో కూర్చుని ఆయన చూస్తున్నాడు.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు.

వదిన

*

రంగులక్క ఇల్లు

వదినా,

నీ ఉత్తరంలో ఒక్క వేళాకోళం లేదు. నా మీద నమ్మకం పోయిందని అర్థమైంది. నువ్వు చేసిందే సరైంది. వాళ్ళెక్కడున్నారో తెలిసినా నాకు చెప్పకు. నాకు తెలియనిది నా నోట జారదు.

ఇంతవరకు జరిగింది చెప్తాను. ఆయన లాడ్జి నుంచి ఫోను చేసి, పెద్దదైన పాప బొమ్మ ప్రింటుకి పంపెయ్యమన్నాడు. "ఈ పాప మీ ఊళ్ళో ఉందా?" అన్న మాటతో సహా. ఆ సినిమా అన్ని ఊళ్ళకీ వెళ్తుంది. ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్ళో, ఇంకో ఊళ్ళో కాకపోతే ఇంకో దేశంలో, ఏ హాల్లో చూసినా పిల్లలు ఆ మొహం గుర్తుపడతారు. వాళ్ళు ఎక్కడికి పారిపోతారు?

రంగులక్క వేళ్ళకి కట్టు ఉంది. ఎడమ చేత్తోనే రంగులు వేసింది. ఇద్దరం తలుపు గడియ పెట్టుకుని, పాత బొమ్మలన్నీ పక్కన పడేసి, కొత్త పాపని గీశాం. గుండ్రటి మొహం, ఉంగరాల జుట్టు, మచ్చ లేదు. రెండు చేతులూ తలుపు మీద ఆనించి, నోరంతా తెరిచి నవ్వుతుంది. దేనికీ చెయ్యి అడ్డం పెట్టుకోదు. ఎవర్నీ చూసి గీయలేదు. కింద ఆ మాట కూడా తీసేశాం. ప్రింటింగు లాబువాళ్ళు అడిగితే పెద్దాయన మార్చమన్నారని చెప్పాను. డబ్బాలు లారీల్లో ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ ఫోటో, పాత బొమ్మలు, అన్నీ రంగులక్క ఇంటి పెరట్లో తగలబెట్టాం. నేను ఆఫీసుకి మళ్ళీ వెళ్ళను. గది కూడా ఖాళీ చేశాను.

సినిమా మీ హాలుకి వచ్చిన రోజున ఆయనకి తెలిసిపోతుంది. ఆ రోజు మీరిద్దరూ జాగ్రత్త. నా తప్పుకి మీరు బలి కావద్దు.

మరదలు

*

హాలు వెనక ఇల్లు

బొమ్మలపిల్లకి,

ముందు ఇది చెప్పనివ్వు. నీతో అబద్ధమాడాను. నీ గదికొచ్చే ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయోనని భయపడ్డాను. ఆ తల్లీకూతుళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. నీ బస్సు ఉత్తరం అందిన గంటలో మీ అన్నయ్య వాళ్ళని హాలు మేడమీదకి తీసుకెళ్ళి, ప్రొజెక్టరు గది పక్కన రీలు డబ్బాలు పెట్టే గదిలో ఉంచాడు. ఊరంతా వెతుకుతుంటే వాళ్ళు హాల్లోనే ఉన్నారు. పిల్ల మీ అన్నయ్యకి బాగా మాలిమి అయింది. డబ్బాల మీద నంబర్లు చదివి పెడుతుంది. తల్లి ఆ పిల్లని పిచ్చుక అంటుంది. బయట ఎవరికీ తెలియని పేరు.

కొత్త సినిమా వచ్చింది. ఆయన వెనక వరసలో కూర్చున్నాడు, తెల్లబట్టలు వేసుకుని, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని. నేను పైన ఉన్నాను. దీపాలు ఆరాయి. తలుపు తెరుచుకుంది. నీ ఉంగరాల జుట్టు పాప వచ్చింది. హాలంతా ఒకటే గోల: "ఈ పాప కాదు! పాప మారిపోయింది!"

పిచ్చుక ప్రొజెక్టరు పక్క కన్నంలోంచి చూస్తోంది. నేను ఆపలేదు, బొమ్మ నువ్వు మార్చావని నాకు తెలుసు కదా. తెర వంక చూసి, తల్లి వైపు తిరిగి, "అమ్మా, నేను కాదు!" అంది. అని, నవ్వింది. అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. తల్లి వెంటనే పిల్ల నోరు మూసింది.

కన్నంలోంచి కిందకి చూశాను. గోల చేస్తున్న పిల్లల మధ్య ఆయనొక్కడే తెర వంక చూడటం లేదు. తల వెనక్కి తిప్పి మా వంక చూస్తున్నాడు.

మెట్లమీద అడుగులు వినిపించలేదు. గడియ పెట్టిన తలుపు అవతలి నుంచి గొంతే వినిపించింది. "పిచ్చుకా. తలుపు తియ్యమ్మా. నాన్నని. నీ మంచం అలాగే ఉంచాను. నీ దుప్పటి కూడా మార్చలేదు." పిల్ల డబ్బాల వెనక్కి దూరింది. తలుపు మీద చెయ్యి వేసి నొక్కుతున్నాడు, బాదడం లేదు. గడియ మేకులు ఒక్కొక్కటీ పైకి లేస్తున్నాయి. గొంతు మాత్రం జోలపాడినట్టే ఉంది.

మీ అన్నయ్య ప్రొజెక్టరు ఆపేశాడు. హాలు దీపాలన్నీ వేసి, కన్నంలోంచి అరిచాడు: "పైన ఆడవాళ్ళ మీదకి ఎవడో వచ్చాడు, రండి!" జనం ఎక్కి వచ్చారు. ఆయన చొక్కా సర్దుకుని, "నా భార్య, నా కూతురు. ఇది మా ఇంటి సంగతి" అన్నాడు. ఏం చెప్పమంటావు, సగంమంది ఆగిపోయారు. "మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకు" అని ఒకాయన వెనక్కి తిరిగాడు కూడా. అప్పుడు ఆ తల్లే తలుపు తీసింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, వంకరగా ఉన్న ఎముక అందరికీ కనిపించేలా చాచి నిలబడింది. టికెట్లు చింపే ముసలావిడ వచ్చి ఆమె ముందు అడ్డంగా నిలబడింది. తర్వాత ఇంకో ఇద్దరు. ఆయన అందర్నీ ఒకసారి చూసి, "సినిమా ఆపకండి, పిల్లలు పాపం" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పోలీసు స్టేషనుకి వెళ్ళాం. రాసుకున్నారు. "తండ్రే కదా, ఏం చేస్తాడు" అన్నారు. మర్నాడు షాపు సరుకు లారీలో యూనిఫారాల మూటల మధ్య కూర్చోబెట్టి వాళ్ళని పంపేశాం. ఎక్కడ దిగాలో డ్రైవరుకి కూడా ముందు చెప్పొద్దన్నాను.

ఇదంతా జరిగి రెండు నెలలైంది. నీ మీద నాకు కోపం లేదు, నువ్వు లేకపోతే ఆ రోజు తెర మీద పిచ్చుక మొహమే పడి ఉండేది. బోర్డులు రాసే పని దొరికిందని రంగులక్క చేత రాయించావు, నువ్వే రాయొచ్చుగా. సెలవుల్లో ఇక్కడికి వచ్చెయ్యి, ఇద్దరూ రండి.

ఒకటి నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. ఇక నీ దగ్గర ఏదీ దాచనని ఒట్టు పెట్టుకున్నాను గనక చెప్తున్నాను. ఆ కంపెనీ సినిమా ఇంకోటి నిన్న వచ్చింది. మీ అన్నయ్య వెయ్యనంటే ఓనరు ఒప్పుకోలేదు, పిల్లలు అడుగుతారన్నాడు. సరేనని జనం రాకముందే మొదటి రీలు ఒకసారి వేసి చూశాం. ఇప్పుడు అందులో పాప లేదు. నీలం తలుపు తెరుచుకుంటుంది, లోపల దీపం వెలుగుతున్న గది, ఒక చిన్న మంచం. ఎవరూ రారు. చాలాసేపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఆయన గొంతు, మెత్తగా: "పిచ్చుకా, తలుపు తీసే ఉంది. ఇంటికి రా."

మీ అన్నయ్య ఆ ముక్క కత్తిరించేశాడు. మా హాల్లో అది పడదు. కానీ ఎన్ని ఊళ్ళు, ఎన్ని హాళ్ళు! వాళ్ళు ఎక్కడున్నారో ఈసారి నాకు నిజంగానే తెలియదు. సినిమాహాలు వాడి పెళ్ళాన్ని, అనకూడని మాటే గానీ, వాళ్ళున్న ఊళ్ళో సినిమాహాలు లేకపోతే బాగుండునని రోజూ అనుకుంటున్నాను.

వదిన